తల్లి క్షేమపత్రం

"నువ్వు రాజీనామా చేస్తే నిన్ను కూడా ఆ కోటలోనే పెట్టేస్తారేమోనే ఇందూ," అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి పళ్ళు తోముకుని వచ్చి కాఫీ గ్లాసు అందుకుంది, అంతే.

"రాజీనామా చేస్తానని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. నిన్న పెరుగన్నం తినకుండా లేచిపోయావు."

"పెరుగు పులిసిందమ్మా."

"పులిసిందని నోటితో చెప్పొచ్చుగా. చెప్పకుండా లేచావంటే మనసులో ఏదో ఉన్నట్టే."

తను నవ్వింది కానీ లేదనలేదు.

నేను ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ చదువంతా నాకు భయపడడానికే పనికొచ్చింది. బస్సు టిక్కెట్టు వెనక రాసినవి, గ్యాసు బండ మీద అంటించిన హెచ్చరికలు, కరెంటు స్తంభానికి పుర్రె బొమ్మ కింద ఉండే మాటలు, అన్నీ వేలు పెట్టుకుని చివరిదాకా చదువుతాను. ఎక్కడ ఏ ప్రమాదం రాసి ఉందో చదవకపోతే ఎలా తెలుస్తుంది? రైలెక్కితే ముందు పెట్టెలు లెక్కపెడతాను, తర్వాత మనుషుల్ని లెక్కపెడతాను, దిగేటప్పుడు మళ్ళీ రెండూ లెక్కపెడతాను. మా ఆయన బతికున్న రోజుల్లో "సత్యవేణీ, నువ్వు యముడి దగ్గర కూడా రసీదు అడుగుతావు" అనేవారు. ఆయన పోయినప్పుడు ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం కూడా పూర్తిగా చదివే తీసుకున్నాను.

మా ఇందుమతి సైన్యంలో కెప్టెను. తుపాకీ పట్టుకునే కెప్టెను కాదు, లా చదివిన కెప్టెను. ఊరికి దూరంగా కొండ మీద పాత కోట ఒకటుంది. ఉగ్రవాదులని పట్టుకొచ్చిన తొమ్మిది మందిని ఆరేళ్ళుగా అందులో ఉంచారు. వాళ్ళని విచారించడానికి ప్రత్యేక సైనిక విచారణ మండలి అని ఒకటి పెట్టారు. ఆ మండలిలో ప్రభుత్వం తరఫున వాదించడం మా అమ్మాయి ఉద్యోగం. కొండ కింద క్వార్టర్సు ఇచ్చారు. నేను తనకి వండిపెడుతూ, కొండవైపు చూసి భయపడుతూ ఉంటాను.

ఆ ఉద్యోగంలో మా అమ్మాయి నాలుగోది. ఎనిమిది నెలల్లో ముందున్న ముగ్గురూ రాజీనామా చేసి వెళ్ళిపోయారు. ముగ్గురూ ఒకటే కారణం రాశారు. "మా తల్లిగారి ఆరోగ్యం సరిగా లేనందున."

ఇందులో వింతేమీ లేదు. మన ఆఫీసుల్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా కాగితం మీద జబ్బుపడేది వాళ్ళమ్మే. మా ఆయన తాలూకా ఆఫీసులో పనిచేసిన ముప్ఫై ఏళ్ళలో మా అత్తగారికి నలభై సార్లు విషజ్వరం వచ్చింది. ఆ నలభై రోజులూ ఆవిడ పెరట్లో పిడకలు కొడుతూ నన్ను తిడుతూనే ఉంది. పై అధికారితో పడనివాడు పడడంలేదని రాయడు, అమ్మకి బాగోలేదని రాస్తాడు. పై అధికారి కూడా అర్థం చేసుకుని, "తల్లిగారు త్వరగా కోలుకోవాలని ఆశిస్తూ" అని సంతకం పెడతాడు. ఎవరి మర్యాద వాళ్ళకి దక్కుతుంది.

అసలు కారణం నాకు తర్వాత తెలిసింది. కోటలో విచారణ మొదలయ్యే ముందే రాజధాని నుంచి లక్క ముద్ర వేసిన కవరు ఒకటి వస్తుంది. అందులో తీర్పు ఉంటుంది. ఆ తీర్పుకి సరిపోయే నేరం ఇక్కడ రాసుకోవాలి. నేరానికి సరిపోయే సాక్ష్యం ఆ తర్వాత చూసుకోవాలి. ఎన్నికలకి పది రోజుల ముందు మొదటి తీర్పు వెలువడాలని పైవాళ్ళ కోరిక. లా చదివినవాళ్ళు ముందు నేరం, తర్వాత తీర్పు అని నేర్చుకుని వచ్చారు. అందుకని ఇమడలేక ఒకరి తర్వాత ఒకరు తల్లుల్ని మంచాన పడేసి వెళ్ళిపోయారు.

ఇక్కడితో అయిపోయేదే. కానీ ఆ మూడు కాగితాలూ సలహాదారు పురంధరరావుగారి బల్ల మీదకి వెళ్ళాయి.

పురంధరరావుగారు సైన్యంలో మనిషి కాదు. రాజధాని నుంచి మండలికి "సమన్వయం" చేయడానికి వచ్చారు. తెల్ల లాల్చీ, జేబులో మూడు పెన్నులు. ఆయన కాగితాల మీద ఉన్నది ఉన్నట్టు నమ్మే మనిషి. ముగ్గురు అధికారుల తల్లులు ఎనిమిది నెలల్లో జబ్బుపడ్డారంటే ఇది మామూలు విషయం కాదని ఆయనకి తట్టింది. కమిటీ వేశారు. కమిటీ పదహారు రోజులు కూర్చుని తేల్చింది. శత్రువులు మండలిని నేరుగా ఎదుర్కోలేక అధికారుల మాతృమూర్తుల ఆరోగ్యం మీద దెబ్బ తీస్తున్నారట.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. క్వార్టర్సు గేటు దగ్గర బోర్డుకి అంటించారు. నేను కూరగాయల సంచీ కింద పెట్టి, వేలు పెట్టుకుని మొత్తం చదివాను.

"ఒకటి. మండలి విచారణలో హాజరగు ప్రతి వ్యక్తి యొక్క తల్లికి వైద్య పరీక్ష జరిపి క్షేమపత్రం జారీ చేయవలెను. రెండు. సదరు క్షేమపత్రములన్నియు విచారణ ఆరంభమునకు ముందు సమర్పింపబడవలెను. ఏ ఒక్కటి లేకున్నను విచారణ చెల్లనేరదు. మూడు. క్షేమపత్రము గల తల్లి యొక్క సంతానము రాజీనామా చేయుటకు అనర్హులు. నాలుగు. తల్లి అనారోగ్యం రుజువైనచో సదరు వ్యక్తిని మండలి నుండి తక్షణమే ఇంటికి పంపవలెను."

చదివి ఇంటికి వచ్చి సంచీ బోర్డు దగ్గరే మర్చిపోయానని గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళాను.

ఆదివారం నాడు తల్లులందరికీ సమావేశం పెట్టారు. పురంధరరావుగారు మాట్లాడారు.

"మాతృమూర్తులారా, నేటి నుండి మీ మోకాళ్ళు మీ సొంత విషయం కావు. అవి దేశ భద్రతలో అంతర్భాగాలు. మీలో ఒక్కరు తుమ్మినా అది కొండ మీది కోట గోడలో ఒక బీట అని గ్రహించగలరు."

నాకు అప్పుడే తుమ్మొచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వెనక కుర్చీలో ఉన్న ఒకావిడ లేచి, నాలుగో నిబంధన ప్రకారం నిజంగా జబ్బుపడితే పిల్లల్ని ఇంటికి పంపుతారా అని అడిగింది. ఆయన ఎంతో దయగా నవ్వారు.

"నాలుగవ నిబంధన మన మానవతా దృక్పథాన్ని చాటడానికి పెట్టినదమ్మా. వాడడానికి కాదు."

మర్నాడే మమ్మల్ని మాతృ నివాసం అనే కొత్త షెడ్డులోకి మార్చారు. పగలంతా అక్కడ ఉండాలి, సాయంత్రం ఇళ్ళకి వెళ్ళొచ్చు. ఉప్పులేని కిచిడీ, పంచదార లేని టీ. దగ్గాలనుకున్నవాళ్ళు ముందుగా చెయ్యెత్తాలి. పొద్దున్నే వ్యాయామం. నా పక్క మంచం అచ్చమాంబగారిది. మండలి అధ్యక్షుడు కర్నల్ శేషశయనంగారి తల్లి. ఎనభై నాలుగేళ్ళు. చక్రాల కుర్చీలో తిరుగుతుంది, నోరు మాత్రం కుర్చీకంటే ముందు వెళ్తుంది. మొదటి వారం డాక్టరుగారు ఇచ్చిన వ్యాయామ నివేదికలో ఆవిడ పరుగులో రెండో స్థానంలో వచ్చినట్టు రాశారు.

"మొదటి స్థానం ఎవరికిచ్చార్రా?" అని అడిగింది ఆవిడ, కాగితం చదివిన జవానుని.

"ఎవరికీ ఇవ్వలేదండి."

"అయితే నేను ఎవరి వెనక పరిగెత్తాను?"

ఆ జవాను సెల్యూట్ చేసి వెళ్ళిపోయాడు.

ఇక వైద్య పరీక్ష. నిజం చెప్పొద్దూ, నేను ఆ రోజు కోసం జీవితమంతా ఎదురుచూశాను. నాకు గుండె జబ్బుందని ముప్ఫై ఏళ్ళుగా నా అనుమానం. కడుపులో గడ్డ కూడా ఉండొచ్చు. మా ఊరి డాక్టరు నన్ను చూడగానే "గ్యాసమ్మా, గ్యాసు" అని పంపేసేవాడు. ఇన్నాళ్ళకి సర్కారు వారే పిలిచి చూస్తామంటున్నారు. అన్నీ వివరంగా చెబుదామని చీటీ మీద రాసుకుని మరీ వెళ్ళాను.

కర్నల్ డాక్టర్ భుజంగంగారు తల ఎత్తకుండానే మొదలుపెట్టారు.

"కూర్చోండమ్మా. పేరు సత్యవేణి. వయసు యాభై ఎనిమిది. గుండె బాగుంది. ఊపిరితిత్తులు బాగున్నాయి. మోకాళ్ళు చాలా బాగున్నాయి. ఇక్కడ సంతకం పెట్టండి."

"బాబూ, మీరింకా నా చెయ్యి కూడా పట్టుకోలేదండి."

"పట్టుకుంటాం. దానికి పక్క గది. ముందు ఫలితం, తర్వాత పరీక్ష. మండలిలో అన్నిటికీ అదే పద్ధతి."

"పరీక్షలో ఇంకోలా వస్తేనండి?"

"ఇంతవరకు రాలేదమ్మా."

పక్క గదిలో బి.పి. చూసే యంత్రం నూట డెబ్బై అంది. భుజంగంగారు దానికేసి జాలిగా చూసి, "పాడైపోయింది, రిపేరుకి పంపండి" అన్నారు. రెండోది తెచ్చారు. అది నూట డెబ్బై ఆరు అంది. దాన్నీ పంపించేశారు. మూడోది నూట ఎనభై. ఆ రోజు రిపేరుకి చాలా యంత్రాలు వెళ్ళాయి. నాలుగో యంత్రానికి ముల్లు లేదు. దాన్ని చూసి ఆయన తృప్తిగా తల ఊపారు.

"మీ గుండె పాతికేళ్ళ జవాను గుండెలా కొట్టుకుంటోందమ్మా."

"భయంతో కొట్టుకుంటోందండి."

"భయం జబ్బు కాదు. భయం ఉండవలసిందే," అని ముద్ర వేశారు.

నా చీటీ నా చేతిలోనే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళు కష్టపడి దాచుకున్న జబ్బులన్నీ ఒక్క ముద్రతో పోయాయి. సాయంత్రం ఇంటికి వచ్చి ఇందు ముందు కూలబడ్డాను.

"నన్ను చూడకముందే రాసేసుకున్నారే. నేనేం చెప్పినా వినలేదు. చెప్పేది ఎలాగూ అక్కడ టైపు చేసి ఉంది. ఇంక నేనెందుకే మాట్లాడ్డం?"

ఇందు టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"మస్తాను కూడా ఇదే మాట అన్నాడమ్మా," అంది.

అప్పుడు చెప్పింది, పెరుగన్నం తినకుండా లేచిన కారణం.

తొమ్మిది మందిలో ఆరో నంబరు మస్తాను. వంట మేస్త్రి. పెళ్ళిళ్ళకి వండుతాడు. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళిలో ఆరు వందల మందికి వండాడు. ఆ ఆరు వందల్లో ఒకడు పోలీసులు వెతుకుతున్న మనిషట. వాడు గుత్తివంకాయ కూర మళ్ళీ అడిగితే మస్తాను మళ్ళీ వడ్డించాడు. "ఉగ్రవాదికి రెండు విడతలుగా ఆతిథ్యం" అని అభియోగం. పట్టుకొచ్చిన మొదటి రోజు ప్రశ్నించినప్పుడు మస్తాను నోరు తెరవబోతే, అతను చెప్పబోయే జవాబు అప్పటికే టైపు చేసి ఉన్న కాగితం ముందు పెట్టారు. "నేను చెప్పేది మీరే రాసుకున్నాక ఇంక నేనెందుకండీ?" అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళలో ఎవరు ఏమడిగినా ఒక్క మాట మాట్లాడలేదు.

"కవరు వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది. యావజ్జీవం. వచ్చే గురువారం నేను లేచి అది అడగాలి. నేను అడిగితే వాళ్ళు ఇచ్చినట్టు ఉంటుంది."

"సాక్ష్యం ఏముందే?"

"వంకాయ కూర. ఇంకా ఒక ఉత్తరం."

ఆ ఉత్తరం మస్తాను తల్లి రాయించింది. నాలుగేళ్ళ కిందట వచ్చింది. కళ్ళు సరిగా ఆనడం లేదని, మోకాళ్ళు పట్టేశాయని, బావి దాకా నడవలేకపోతున్నానని, నువ్వు వేళకి తినమని అందులో ఉంది. అది సంకేత భాష అని నిపుణులకి అనుమానం వచ్చింది. నాలుగేళ్ళు పరిశోధించారు. మోకాళ్ళంటే వంతెన స్తంభాలట. బావి అంటే నీటి ప్రాజెక్టు. వేళకి తినమంటే ముహూర్తం కుదిరిందని. అందుకని ఆ ఉత్తరానికి పద్నాలుగో ఆధారం అని పేరు పెట్టి ఇనప్పెట్టెలో దాచారు. మస్తానుకి ఇవ్వలేదు. అది వచ్చిందని కూడా చెప్పలేదు.

"నా మోకాళ్ళు కూడా పట్టేశాయి కదే," అన్నాను.

"నువ్వు ఎవరికీ ఉత్తరం రాయకమ్మా."

నేను ఆలోచించాను. ఇన్నాళ్ళూ రాజీనామా చేస్తే ఏమవుతుందోనని నా భయం. ఇప్పుడు చేయకపోతే ఏమవుతుందోనని ఇంకా పెద్ద భయం పట్టుకుంది. పిల్ల ఆ కవరు చదివి ఇంటికొస్తుంది, నేను అన్నం పెడతాను, తను తింటుంది. ఆ తర్వాత రోజులన్నీ ఎలా తింటుంది?

"రాసెయ్యి ఇందూ. మా అమ్మకి బాగోలేదని రాసెయ్యి. నేను మంచం ఎక్కుతాను. నాకు నిజంగానే బాగోలేదు కూడా."

"నీకు క్షేమపత్రం ఇచ్చేశారు కదమ్మా, ఇంక ఒప్పుకోరు. అయినా నేను అది రాయను. ముందు ముగ్గురూ అదే రాశారు. వాళ్ళు హాయిగా వెళ్ళిపోయారు, మస్తాను అక్కడే ఉన్నాడు. అసలు కారణం రాద్దామని ఫారం తీసుకున్నాను."

"రాశావా?"

"రాశాను. గుమస్తా తిప్పి పంపాడు. కారణం రాసే గడి ఒక్క అంగుళమే ఉంది. 'తల్లి అనారోగ్యం' అన్నది తప్ప ఇంకేదీ అందులో పట్టదట."

ముందు వెళ్ళిన ముగ్గురిలో మేజర్ కామేశంగారని ఒకాయన ఉన్నారు. ఆయన తల్లి పోయి పన్నెండేళ్ళయింది. కంగారులో అందరూ రాసినట్టే ఆయనా రాసేశారు. వైద్య బృందం వాళ్ళ ఊరు వెళ్ళి దండ వేసిన ఫొటో ముందు నిలబడింది. నొప్పులున్నాయా అని అడిగారు. జవాబు లేదు. ఆయాసం ఉందా అన్నారు. లేదు. మందులేమైనా వాడుతున్నారా అని కోడల్ని అడిగితే, "ఆవిడకిప్పుడు ఏ బాధా లేదండి" అని కళ్ళొత్తుకుంది. బృందం సంపూర్ణ క్షేమం అని రాసుకుని వచ్చింది. మూడో నిబంధన ప్రకారం కామేశంగారి రాజీనామా రద్దయింది. మేమిద్దరం ఆ మాటలనుకున్న మర్నాడే జీపు పంపి ఆయన్ని వెనక్కి తెచ్చి ఇందుకి సహాయకుడిగా వేశారు. ఆయన రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఎవరైనా పలకరిస్తే, "అమ్మ బాగానే ఉందట" అంటారు.

గురువారం వచ్చింది.

ఈ మధ్యలో ఇంకో సవరణ వచ్చింది. విచారణ నడుస్తూ ఉండగా ఎవరి తల్లికైనా హఠాత్తుగా జబ్బు చేస్తే ప్రమాదమని, తల్లులందర్నీ కోర్టు హాల్లోనే ముందు వరసలో కూర్చోబెట్టాలని. మమ్మల్ని రెండు లారీల్లో కొండ మీదకి తీసుకెళ్ళారు. క్షేమపత్రాలు చీర కొంగులకి పిన్నీసులతో పెట్టారు. నేను లారీ ఎక్కేటప్పుడు లెక్కపెట్టాను, దిగేటప్పుడు లెక్కపెట్టాను.

హాలు పాత గుర్రపుశాల. ఎత్తు బల్ల వెనక కర్నల్ శేషశయనంగారు కూర్చున్నారు. నిబంధనల పుస్తకం అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషని పేరు. ఆయన ముందు లక్క ముద్ర కవరు ఉంది. పక్కన పురంధరరావుగారు గడియారం చూసుకుంటూ, పత్రికలవాళ్ళకి చెప్పిన టైము దాటకూడదని. ఒక బల్ల దగ్గర మా అమ్మాయి, కామేశంగారు. ఇంకో బల్ల దగ్గర నిందితుడి తరఫున మండలివారే ఇచ్చిన వకీలు. మూల చెక్క బోనులో ఒక మనిషి. నలభై ఏళ్ళుంటాయి. తల వంచుకుని తన చేతులకేసి చూసుకుంటున్నాడు. పెద్ద చేతులు. ఆరేళ్ళుగా గరిటె పట్టని చేతులు.

ఇందు నాకేసి ఒకసారి చూసింది. పొద్దున్న ఏమీ తినలేదు, కాఫీ కూడా వదిలేసింది. ఏం చేయబోతోందో చెప్పమంటే చెప్పలేదు.

"క్షేమపత్రాలు సమర్పించండి," అన్నారు శేషశయనంగారు.

జవాను వచ్చి మా కొంగుల మీద కాగితాలు విప్పి తీసుకెళ్ళి బల్ల మీద పేర్చాడు. కామేశంగారి తల్లి కాగితం ఖాళీ కుర్చీకి పెట్టి ఉంటే అదీ తీశాడు. నేను నా అలవాటు ప్రకారం లెక్కపెడుతూ ఉన్నాను. అధ్యక్షుడిది ఒకటి. సలహాదారుది, రాజధాని నుంచి తెప్పించింది, రెండు. ఇందుది మూడు. కామేశంగారిది నాలుగు. వకీలుది అయిదు. డాక్టరు భుజంగంగారిది ఆరు. గుమస్తాది ఏడు. జవానులు ఇద్దరివీ కలిపి తొమ్మిది.

మనుషుల్ని లెక్కపెట్టాను. పది.

మళ్ళీ లెక్కపెట్టాను. పదే.

"అన్నీ ఉన్నందున విచారణ ఆరంభమగుచున్నది," అన్నారు శేషశయనంగారు. ఇందు కుర్చీ వెనక్కి జరిపి లేచింది. బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుంది.

నేను లేచి నిలబడ్డాను. ఎలా లేచానో నాకే తెలియదు. నోరు తెరిస్తే నన్ను కూడా కోటలో పెట్టేస్తారని భయం వేసింది. అప్పటికే కోటలో ఉన్నానని గుర్తొచ్చి కొంచెం ధైర్యం వచ్చింది.

"బాబుగారూ, ఒక కాగితం తక్కువైందండి."

హాలంతా నాకేసి తిరిగింది. మా అమ్మాయి కూడా.

"కూర్చోండమ్మా," అన్నారు పురంధరరావుగారు. "తల్లులకు ప్రసంగాధికారం ఇవ్వలేదు."

"ప్రసంగం కాదండి. లెక్క చెబుతున్నానంతే. మనుషులు పది మంది, కాగితాలు తొమ్మిదేనండి. ఆ అబ్బాయి వాళ్ళమ్మగారి కాగితం లేదండి," అని బోనుకేసి చూపించాను. "విచారణలో హాజరగు ప్రతి వ్యక్తి అని రాశారు కదండీ. నేను వేలు పెట్టుకుని చదివాను. ఒక్కటి లేకపోయినా చెల్లదని రెండో దాంట్లో ఉందండి."

పురంధరరావుగారు నవ్వారు. "నిందితుడు ఆ నిబంధన పరిధిలోకి రాడు. అతడు ఒక వ్యక్తి అని మేము ఎక్కడా అంగీకరించలేదు."

శేషశయనంగారు నవ్వలేదు. ఉత్తర్వు తీసి చదివారు. తర్వాత అభియోగ పత్రం తీసి చదివారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదివారు.

"సలహాదారుగారూ, అభియోగంలో 'సదరు వ్యక్తి రెండు విడతలుగా వడ్డించెను' అని ఉంది. అతను వ్యక్తి కాకపోతే వడ్డించింది ఎవరు?"

"అది వేరే సందర్భం."

"వ్యక్తి అయితే క్షేమపత్రం కావాలి. కాకపోతే అభియోగం లేదు. రెంటిలో మీరు ఏది కావాలంటే అది రాసుకుంటాను."

పురంధరరావుగారు మూడు పెన్నుల్లో ఒకటి తీసి మళ్ళీ పెట్టేశారు. డాక్టరు భుజంగంగారు ఉత్సాహంగా లేచారు.

"నా దగ్గర ముద్ర వేసిన ఖాళీ పత్రాలు ఉన్నాయండి. పేరు చెబితే రెండు నిమిషాల్లో ఆవిడకి క్షేమం చేసేస్తాను."

"నువ్వు కూర్చోవయ్యా," అంది అచ్చమాంబగారు చక్రాల కుర్చీలోంచి. "నన్ను పరుగులో రెండోదాన్ని చేసినవాడివి. ఒరేయ్ శేషూ."

శేషశయనంగారు అధ్యక్షుడి కుర్చీలో నిటారుగా అయ్యారు. "అమ్మా, ఇది కోర్టు."

"కోర్టేలే. మమ్మల్నందర్నీ చూశారు, పటంలో ఉన్నావిణ్ణి కూడా చూశారు. ఆ కుర్రాడి తల్లి ఎలా ఉందో ఒక్కరైనా అడిగార్రా? అడుగు."

అధ్యక్షుడు తల్లికేసి చూశారు, నిబంధనల పుస్తకానికేసి చూశారు. ఆ రెండూ ఒకే మాట చెప్పడం ఆయనకి అదే మొదటిసారేమో, మొహం తేటపడింది. బోనువైపు తిరిగారు.

"మస్తాను. నీ తల్లి ఆరోగ్యం ఎలా ఉంది?"

ఆరేళ్ళలో అతన్ని వెయ్యి ప్రశ్నలు అడిగి ఉంటారు. అన్నిటికీ జవాబులు టైపు చేసి పెట్టుకునే అడిగారు. ఈ ఒక్కదానికి ఎవరి దగ్గరా కాగితం లేదు. గుమస్తా అలవాటుగా ఫైలు తిరగేసి, ఏమీ దొరక్క చేతులు కట్టుకున్నాడు.

మస్తాను తల ఎత్తాడు. నోరు కొంచెం తెరిచాడు. మాట రాలేదు. అతనికి తెలిస్తే కదా చెప్పడానికి.

అప్పుడు ఇందు తన చేతిలో కాగితం, యావజ్జీవం అడగవలసిన కాగితం, బల్ల మీద బోర్లించింది. ఫైల్లోంచి ఇంకో కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోతున్న నీలం ఉత్తరం. దాన్ని పట్టుకుని బోనువైపు నడిచింది.

"కెప్టెన్, అది రహస్య ఆధారం," అన్నారు పురంధరరావుగారు లేచి.

"అధ్యక్షులవారు అడిగిన ప్రశ్నకి జవాబు ఇందులో ఉంది సార్," అంది మా అమ్మాయి, ఆగకుండా. "నాలుగేళ్ళుగా మన దగ్గరే ఉంది."

శేషశయనంగారు వద్దనలేదు. ఇందు ఉత్తరం బోను చెక్క మీద పెట్టింది. ఇక తనకేమవుతుందో, ఉద్యోగం పోతుందో, ఇంకేం పోతుందో అని నేను భయపడవలసిన సమయం అది. విచిత్రంగా, భయపడడం మర్చిపోయాను.

మస్తాను ఉత్తరాన్ని రెండు చేతుల్తో తీసుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు, తర్వాత దగ్గరగా. కళ్ళజోడు లేదు కాబోలు. పెదాలు కదిలిస్తూ చదివాడు, నాలాగే వేలు పెట్టుకుని. ఒక పేజీయే. అయినా పైనుంచి కిందకి చదివి మళ్ళీ పైకి వెళ్ళాడు. వేలు ఒకచోట ఆగిపోయింది. వేళకి తినమన్న చోటేమో.

ముందు వరసలో ఏ తల్లీ దగ్గలేదు. ఎవరూ చెయ్యెత్తలేదు. కామేశంగారు గోడ మీంచి కళ్ళు తీసి ఇటు తిరిగారు. నెమ్మదిగా తన జేబులోంచి రాజీనామా ఫారం ఒకటి, ఖాళీది, తీశారు. ఎప్పటినుంచి దాచుకున్నారో. కారణం రాసే అంగుళం గడి మీద పెన్ను ఆనించి, బోనుకేసి చూస్తూ ఉండిపోయారు.

శేషశయనంగారు మళ్ళీ అడగలేదు. ఉత్తర్వులో నాలుగో నిబంధన దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నారు.

మస్తాను ఉత్తరం మడత పెట్టాడు. ఉన్న మడతల మీదే, చిరక్కుండా. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మకి ఒంట్లో బాగోలేదండి," అన్నాడు. "నేను ఇంటికెళ్ళాలి."